ఒకటే ఫోన్, నలభై మంది పిల్లలు: ఉచిత ఉపకరణాలతో పాఠం సిద్ధం చేసుకోవడం ఎలా

టీచర్లకు పనికొచ్చే ఉచిత వెబ్‌సైట్లంటూ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే జాబితాలకు కొదవలేదు. చిక్కేమిటంటే వాటిలో చాలా భాగం ప్రతి పిల్లాడి చేతిలో ట్యాబ్, గదిలో వైఫై ఉంటాయనుకుని తయారైనవి. మన బడుల్లో మామూలుగా ఉండేది టీచర్ జేబులో ఒక ఆండ్రాయిడ్ ఫోన్. హైస్కూలైతే గోడకు ఒక డిజిటల్ ప్యానెలో, మూల గదిలో నాలుగు కంప్యూటర్లో ఉంటాయి. నెట్ సంగతి ఆ రోజు సిగ్నల్‌ని బట్టి.

అందుకే ఏ ఉపకరణం గురించి విన్నా ముందు రెండు విషయాలు తేల్చుకోండి. అది పని చేయాలంటే పరికరం ఎవరి చేతిలో ఉండాలి? నెట్ ఎక్కడ కావాలి, సిద్ధం చేసుకునేటప్పుడు ఇంట్లోనా, చెప్పేటప్పుడు గదిలోనా? పరికరం టీచర్ చేతిలో ఉంటే చాలు, నెట్ ఇంట్లో ఉంటే చాలు అన్నవే మనకు అక్కరకొస్తాయి. ఈ జల్లెడలో నిలిచినవాటితో ఒక పాఠాన్ని మొదటి నుంచి చివరిదాకా సిద్ధం చేద్దాం. ఉదాహరణకు పదో తరగతి విద్యుత్ పాఠం తీసుకుందాం. మీ సబ్జెక్టు వేరైనా వరస మారదు.

ముందు ఒక ఫోల్డరు, ఒక పెన్ డ్రైవ్

పాఠానికొక ఫోల్డరు పెట్టుకోండి. పేరు ముందు తరగతి, తర్వాత పాఠం సంఖ్య, ఆ తర్వాత పాఠం పేరు ఉండాలి. '10-11-విద్యుత్' అన్నట్టు రాస్తే ఫైళ్లన్నీ వాటంతటవే వరసలో కూర్చుంటాయి. లోపల కూడా వాడే క్రమంలో 01, 02 అని అంకెలు వేయండి. పీరియడ్ మధ్యలో నలభై మంది చూస్తుండగా ఫైలు వెతుక్కునే బాధ తప్పుతుంది.

పెన్ డ్రైవ్‌ను ఎఫ్‌ఏటీ 32 పద్ధతిలో ఫార్మాట్ చేసుకోండి. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయి కాబట్టి ముందు కాపీ తీసుకోవాలి. కంప్యూటర్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే మరో పద్ధతిలో ఫార్మాట్ అయిన డ్రైవ్‌ను కొన్ని ఆండ్రాయిడ్ ప్యానెళ్లు, టీవీలు అసలు గుర్తించవు. డ్రైవ్ పాడైందనుకుని కొత్తది కొంటారు, తప్పేమో ఫార్మాట్‌ది. ఎఫ్‌ఏటీ 32లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. పాఠాల వీడియోలు అంత పెద్దవి ఉండవు.

పాఠ్యపుస్తకం క్యూఆర్ కోడ్ దగ్గర మొదలు

2017లో మొదలైన, కేంద్ర ప్రభుత్వం నడిపే దీక్ష అనే ఉచిత డిజిటల్ పాఠాల వేదికలో మన రెండు రాష్ట్రాల బోర్డులూ ఉన్నాయి. యాప్ పెట్టుకుని బోర్డు, మాధ్యమం, తరగతి ఎంచుకోండి. పాఠం మొదట్లో ఉన్న క్యూఆర్ కోడ్‌ను యాప్‌లోని స్కానర్‌తోనే చూపించండి. కోడ్ మీద సిరా పడినా, కాగితం నలిగినా స్కాన్ కాదు. అప్పుడు దాని కింద అచ్చయిన ఆరు అక్షరాల కోడ్‌ను వెతికే చోట టైపు చేస్తే అదే పాఠం తెరుచుకుంటుంది. నచ్చిన వీడియోను ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి. తర్వాత యాప్‌లోని డౌన్‌లోడ్స్ విభాగంలో నెట్ లేకుండా ఆడుతుంది.

కోడ్ కింద ఉన్న వీడియోలన్నీ ఒకే స్థాయిలో ఉండవు. కొన్ని చక్కగా ఉంటాయి, కొన్ని పుస్తకాన్ని చదివి వినిపించడంతో సరిపెడతాయి. పూర్తిగా చూడకుండా గదిలో వేయొద్దు. పన్నెండు నిమిషాల వీడియోలో మీకు కావలసింది మూడు నిమిషాలే అయితే ఆ చోటు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చీటీ మీద రాసుకుని అంతే చూపించండి.

ఫెట్ సిమ్యులేషన్: పాఠానికి గుండెకాయ ఇదే

సైన్స్, గణితం చెప్పేవారు ఒక్కటే నేర్చుకోగలిగితే ఫెట్ నేర్చుకోవాలి. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో దీన్ని ప్రారంభించారు. పిల్లలు కదిపి చూడగలిగే బొమ్మ ప్రయోగాలు ఇవి. చాలావాటికి తెలుగు అనువాదం ఉంది. అనువాదం పూర్తికాని చోట ఆ మాట ఇంగ్లిష్‌లో కనిపిస్తుంది, కంగారు పడక్కర్లేదు.

ఇంట్లో చేయాల్సినవి:

1. గూగుల్‌లో 'ఫెట్ సిమ్యులేషన్స్' అని ఇంగ్లిష్‌లో వెతికి, కొలరాడో విశ్వవిద్యాలయం వారి సైటు తెరవండి. వెతికే చోట 'సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్: డీసీ' అని టైపు చేయండి.
2. ఆ పేజీలోనే అనువాదాల పట్టిక ఉంటుంది. అందులో తెలుగు కనిపిస్తే దాన్ని, లేకుంటే ఇంగ్లిష్‌ది తీసుకోండి.
3. డౌన్‌లోడ్ గుర్తు నొక్కితే ఒకే ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలు వస్తుంది. దాన్ని పెన్ డ్రైవ్‌లోని మీ ఫోల్డర్‌లో వేయండి. ఇక దానికి నెట్‌తో పని లేదు.
4. ల్యాప్‌టాప్‌లో అయితే ఫైలు మీద రెండుసార్లు నొక్కితే చాలు. ఫోన్‌లోనో ప్యానెల్‌లోనో మామూలుగా తెరిస్తే ఒక్కోసారి తెల్ల తెర వస్తుంది. ఫైలు పాడైందని కాదు, అది హెచ్‌టీఎంఎల్ వ్యూయర్ అనే చిన్న యాప్‌లో తెరుచుకుందని. 'ఓపెన్ విత్' ఎంచుకుని క్రోమ్ బ్రౌజర్‌తో తెరవండి.
5. బడికి వెళ్లే ముందు ఫోన్‌లో ఏరోప్లేన్ మోడ్ పెట్టి ఒకసారి నడిపి చూడండి. నెట్ ఉన్నప్పుడు నడిచింది కదా అని వదిలేస్తే గదిలో తెలుస్తుంది సంగతి.

సైటులో పాత జావా, ఫ్లాష్ సిమ్యులేషన్లు కనిపిస్తే వాటి జోలికి పోవద్దు. అవి ఫోన్లలో నడవవు.

ఇక గదిలో. కుడివైపు పెట్టెలో 'కరెంటు చూపించు' అన్న చోట ఎలక్ట్రాన్లు, సాంప్రదాయ ప్రవాహం అని రెండు ఎంపికలుంటాయి. మొదట ఎలక్ట్రాన్లే కదులుతూ కనిపిస్తాయి, అంటే రుణ ధ్రువం నుంచి ధన ధ్రువానికి. పుస్తకంలోని బాణం గుర్తులేమో దానికి ఎదురు దిశలో ఉంటాయి. ఇది మార్చకుండా మొదలుపెడితే తెలివైన పిల్లలు మొదటి నిమిషంలోనే పట్టుకుంటారు, తక్కినవాళ్లు ఏమీ అనకుండా తికమకపడతారు. ముందు సాంప్రదాయ ప్రవాహం పెట్టి పాఠం నడపండి. చివర్లో ఎలక్ట్రాన్లకు మార్చి తేడా అడగండి.

ఒక బ్యాటరీ, ఒక బల్బు కలపండి. ఏమీ మార్చకపోతే బ్యాటరీ 9 వోల్టులు, బల్బు నిరోధం 10 ఓమ్‌లు ఉంటాయి. అమ్మీటర్ పెట్టకముందే ఎంత చూపిస్తుందో నోటు పుస్తకంలో రాయమనండి. రాశాక పెట్టండి: 0.90 ఆంపియర్. ఇప్పుడు రెండో బల్బును శ్రేణిలో కలపబోతూ మళ్లీ ఆగండి. ప్రవాహం ఎంతవుతుంది? ఏ బల్బు ఎక్కువ వెలుగుతుంది? రాయనివ్వండి. కలిపితే 0.45. రెండు బల్బుల కాంతీ సమానం. వోల్ట్‌మీటర్ పెడితే ఒక్కోదాని మీద 4.5 వోల్టులు. అవే రెండు బల్బులను సమాంతరంగా కలిపితే ఒక్కో బల్బులో 0.90, బ్యాటరీ నుంచి వచ్చే ప్రధాన తీగలో 1.80. అంకెలు ఇంత గుండ్రంగా రావడం వల్ల ఓమ్ నియమం లెక్క బోర్డు మీద వెంటనే సరిచూసుకోవచ్చు. చివర్లో బల్బు లేకుండా బ్యాటరీ రెండు కొసలనూ తీగతో కలపమని ఒకరిని పిలవండి. తెర మీద మంటలు లేస్తాయి. లఘువలయం (షార్ట్ సర్క్యూట్) అన్న మాట తర్వాత ఎవరూ మర్చిపోరు.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. టీచరే మౌస్ పట్టుకుని గబగబా అన్నీ చూపించేస్తారు. అప్పుడు సిమ్యులేషన్‌కీ వీడియోకీ తేడా లేదు. ముందు ఊహ రాయాలి, ఆ తర్వాతే మీట నొక్కాలి, నొక్కేది పిల్లలు కావాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా ఫలితం సగమే. నలభై నిమిషాల పీరియడ్‌కు ఇలాంటి ప్రశ్నలు నాలుగు చాలు.

మరో సంగతి. తెర మీద బ్యాటరీకి అంతర్నిరోధం సున్నా, బల్బు నిరోధం ఎప్పుడూ ఒకటే. నిజమైన 1.5 వోల్టుల సెల్లు, టార్చి బల్బు అలా ఉండవు. బల్బు వేడెక్కితే నిరోధం పెరుగుతుంది. సమాంతరంగా మరో బల్బు చేర్చితే పాత సెల్లు మీద మొదటిది కాస్త మసకబారుతుంది. కాబట్టి మరుసటి రోజు నిజమైన సెల్లు, తీగలు, బల్బులతో చేయించండి. 'తెర మీద ఇలా కాలేదేం?' అన్న ప్రశ్న వస్తే పాఠం బాగా సాగినట్టే.

గణితం వారికి ఇలాంటిదే జియోజీబ్రా. గ్రాఫ్ యాప్ ఒకసారి ఫోన్‌లో పెట్టుకుంటే నెట్ లేకుండా నడుస్తుంది. వర్గ బహుపది సాధారణ రూపాన్ని ఇంగ్లిష్ అక్షరాలతో టైపు చేస్తే మూడు గుణకాలకు మూడు స్లైడర్లు ఏర్పడతాయి. గుణకానికీ చలరాశికీ మధ్య ఖాళీయో, గుణకారం గుర్తో పెట్టండి. పక్కపక్కనే రాస్తే ఒక్కోసారి ఆ రెంటినీ కలిపి ఒకే పేరుగా తీసుకుంటుంది. మొదటి గుణకాన్ని మెల్లగా తగ్గిస్తూ సున్నా దగ్గర ఆపండి. పరావలయం సరళరేఖ అయిపోతుంది. వర్గ సమీకరణం నిర్వచనంలో ఆ గుణకం సున్నా కాకూడదని ఎందుకు రాస్తారో పిల్లలే చెబుతారు.

తెర మీదకు ఎక్కించడం

ప్యానెల్ ఉంటే పెన్ డ్రైవ్‌తో పని అయిపోతుంది. టీవీ మాత్రమే ఉంటే ఫోన్‌ను దానికి కలపాలి. ఇక్కడే డబ్బు వృథా అవుతుంటుంది. బజార్లో దొరికే టైప్-సీ నుంచి హెచ్‌డీఎంఐ అడాప్టర్ అన్ని ఫోన్లకూ పని చేయదు. ఫోన్ పోర్టుకు బొమ్మ బయటికి పంపే సౌకర్యం ఉండాలి. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి అది ఉండదు. కొనేముందు దుకాణంలోనే మీ ఫోన్‌కు పెట్టి చూడండి. వైర్ లేకుండా తెర పంచుకునే పద్ధతిలో మామూలుగా ఫోన్, టీవీ ఒకే వైఫైలో ఉండాలి. బడిలో వైఫై లేకపోతే రెండో ఫోన్ హాట్‌స్పాట్‌కు రెంటినీ కలపండి. పాత ల్యాప్‌టాప్, హెచ్‌డీఎంఐ తీగ ఉంటే ఈ గొడవేదీ లేదు. అదే అన్నిటికన్నా నమ్మకం.

ఏదీ లేకుంటే పదిమందేసి పిల్లలను పిలిచి ఫోన్‌లో చూపించడం కన్నా, సిమ్యులేషన్‌లోని నాలుగు దశలను స్క్రీన్‌షాట్ తీసి, ఏ4 కాగితానికి నాలుగు చొప్పున ప్రింట్ తీసి గుంపుకొకటి ఇవ్వడం మెరుగు. క్యూలో నిలబడే ముప్పై మంది అల్లరి మీకు తెలియనిది కాదు.

అర్థమైందా అని నలభై మందినీ ఒకేసారి అడగడం

'అర్థమైందా?' అంటే 'అయింది సార్' అని కోరస్ వస్తుంది. ఆ కోరస్ వెనక ఎవరున్నారో తెలుసుకోవడానికి ప్లిక్కర్స్ పనికొస్తుంది. పిల్లల దగ్గర కాగితం ముక్క, మీ దగ్గర ఫోన్ ఉంటే చాలు.

1. ప్లిక్కర్స్ సైటులో ఉచిత ఖాతా తెరవండి. తరగతి సృష్టించి హాజరు పట్టీ క్రమంలో పేర్లు ఎక్కించండి. ఒక్కొక్కరికి ఒక కార్డు సంఖ్య వస్తుంది. రోల్ నంబరూ కార్డు నంబరూ ఒకటే అయ్యేలా చూసుకుంటే పంచడం తేలిక.
2. కార్డుల పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేయండి. మామూలు సెట్‌లో 40 కార్డులుంటాయి, కాగితానికి రెండు చొప్పున 20 కాగితాలు. పిల్లలు 40 దాటితే 63 కార్డుల సెట్ తీసుకోండి.
3. కాస్త మందపాటి కాగితం మీద నలుపు బాగా పడేలా ప్రింట్ తీయండి. మెరిసే లామినేషన్ వద్దు. వెలుగు పడి మెరిస్తే కెమెరా చదవలేదు. పాత నోటు పుస్తకాల అట్టలకు అంటించుకుంటే ఏడాది వస్తాయి.
4. ప్రశ్నలు ఎక్కించండి. ఉచిత ఖాతాలో ఒక్కో సెట్‌కు ఐదు ప్రశ్నలే పెట్టనిస్తారు. నిజానికి ఒక పీరియడ్‌కు ఐదు కూడా ఎక్కువే.
5. గదిలో ప్రశ్న బోర్డు మీద రాయండి లేదా చదవండి. కార్డుకు నాలుగు వైపులా ఏ, బీ, సీ, డీ ఉంటాయి. తాము ఎంచుకున్న అక్షరం పైకి వచ్చేలా కార్డు పట్టుకోమనండి. ఫోన్ యాప్‌లో స్కాన్ నొక్కి గది ఒక వైపు నుంచి మరో వైపుకు మెల్లగా తిప్పండి.

ప్రతి కార్డు మీది నలుపు గడి వేరుగా ఉంటుంది, అక్షరాలు చిన్నవి. పక్కవాడి కార్డు చూసి తనది తిప్పుకోవడం కుదరదు. కొందరి జవాబు రాకపోతే మూడు కారణాలు చూడండి. నలుపు గడి మీద వేళ్లు పెట్టి ఉంటారు, వెనకాల కిటికీ వెలుతురు కెమెరాకు ఎదురుగా ఉంటుంది, లేదా చివరి బెంచీ దూరమై ఉంటుంది. వేళ్లు అంచుల మీద పెట్టమనండి, మీరు కిటికీ వైపు వీపు పెట్టి నిలబడండి, రెండడుగులు ముందుకు నడవండి. మొదట్లో చెప్పిన జల్లెడకు ఇదో మినహాయింపు: గదిలో యాప్‌కు నెట్ కావాలి, మొబైల్ డేటా సరిపోతుంది. సిగ్నల్ అసలు లేని బడిలో అవే కార్డులు మామూలు ఏ-బీ-సీ-డీ అట్టల్లా వాడుకోండి. కళ్లు మూసుకుని పైకెత్తమంటే చాలు. లెక్క కచ్చితంగా రాదుగానీ గది నాడి తెలుస్తుంది.

ఉపకరణం కన్నా ప్రశ్న ముఖ్యం. తప్పు జవాబులు ఏదో నింపడానికి పెట్టినవి కాకూడదు. ఒక్కోటీ పిల్లల్లో నిజంగా ఉండే ఒక్కో అపోహను పట్టాలి. ఉదాహరణకు: ఒకే రకం బల్బులు రెండు శ్రేణిలో ఉన్నాయి. ఏ) బ్యాటరీ ధన ధ్రువానికి దగ్గరున్నది ఎక్కువ వెలుగుతుంది. బీ) రెండూ సమానంగా, ఒంటరి బల్బు కన్నా తక్కువగా. సీ) రెండూ సమానంగా, ఒంటరి బల్బు అంతే. డీ) దూరంగా ఉన్నది ఎక్కువ. 'ఏ' అన్నవాళ్లు కరెంటు బల్బులో ఖర్చయిపోతుందనుకుంటున్నారు. 'సీ' అన్నవాళ్లు బ్యాటరీ ఎప్పుడూ ఒకే కరెంటు ఇస్తుందనుకుంటున్నారు. ఇద్దరికీ చెప్పాల్సింది వేరు.

సరైన జవాబు 30 నుంచి 70 శాతం మంది చెబితే మీరు వెంటనే వివరించొద్దు. పక్కవాళ్లతో రెండు నిమిషాలు వాదించుకోమని మళ్లీ కార్డులు ఎత్తించండి. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం బోధించే ఎరిక్ మజూర్ 1990ల నుంచి ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతి ఇది. 30 కన్నా తక్కువైతే వాదించుకోవడానికి వాళ్ల దగ్గర సరుకు లేదన్నమాట, పాఠం మళ్లీ చెప్పాలి. 70 దాటితే రెండు మాటల్లో ముగించి ముందుకెళ్లండి.

ఇంటికి పంపే క్విజ్

గూగుల్ ఫామ్స్ అందరికీ తెలిసిందే కాబట్టి ఎక్కడ బెడిసికొడుతుందో అక్కడే ఆగుదాం. ఫామ్ తెరిచి సెట్టింగ్స్‌లో 'మేక్ దిస్ ఎ క్విజ్' ఆన్ చేయండి. ప్రతి ప్రశ్న కింద 'ఆన్సర్ కీ' నొక్కి సరైన జవాబు, మార్కులు పెట్టండి. తప్పు రాసినవారికి కనిపించేలా ఒక వాక్యం వివరణ రాయండి. మార్కుల కన్నా అదే పనికొస్తుంది.

పేరు టైపు చేయమని అడగొద్దు. ఒకే పేరు నాలుగు రకాలుగా, తెలుగులో, ఇంగ్లిష్‌లో, ఇంటిపేరుతో, లేకుండా వస్తుంది. షీట్‌లో కలుపుకోలేరు. రోల్ నంబరు డ్రాప్‌డౌన్‌గా ఇవ్వండి.

'లిమిట్ టు వన్ రెస్పాన్స్' ఆన్ చేయొద్దు. అది గూగుల్ లాగిన్ అడుగుతుంది. నాన్న ఫోన్ ఒక్కటే ఉన్న ఇంట్లో కవలలో, వరసకు అన్నదమ్ములో ఒకే తరగతిలో ఉంటే రెండోవాడికి ఫామ్ తెరుచుకోదు. ఒకే రోల్ నంబరు రెండుసార్లు వస్తే మొదటిదే లెక్కలోకి తీసుకోండి.

ఒక్క మాట జవాబులను తెలుగులో టైపు చేయించి ఫామ్‌తోనే దిద్దించడం కుదరని పని. 'కిరణజన్య సంయోగక్రియ'ను కలిపి రాసినా, విడిగా రాసినా, ఒక దీర్ఘం తేడా వచ్చినా తప్పు కిందే వేస్తుంది. కొన్ని కీబోర్డులు అక్షరాల మధ్య కంటికి కనిపించని గుర్తు చేరుస్తాయి. చూడ్డానికి రెండూ ఒకటే, ఫామ్‌కు మాత్రం వేరు. బహుళైచ్ఛికాలు పెట్టండి, లేదా సంఖ్య జవాబుగా వచ్చే లెక్క ఇవ్వండి. లెక్కయితే 'రెస్పాన్స్ వాలిడేషన్'లో నంబరు మాత్రమే తీసుకునేలా పెట్టి, ప్రమాణం రాయొద్దని ప్రశ్నలోనే చెప్పండి.

ఐచ్ఛికాల క్రమం కలిపేసే మీట నొక్కితే, 'పైవన్నీ' అన్న ఐచ్ఛికం పైకెళ్లి కూర్చునే ప్రమాదం ఉంది. ఆ మాటే వాడకండి.

ఫామ్ ఎనిమిది పది ప్రశ్నలు దాటొద్దు. సాయంత్రం ఏడు దాటాక, ఇంటి పెద్ద ఫోన్‌తో పాటు ఇంటికి చేరే వేళకు పంపండి. ఫోన్ లేని పిల్లలకు అవే ప్రశ్నలు చిన్న బిట్ పేపర్‌గా ముందే ఇచ్చి పంపండి. ఈ మార్కులను ఎఫ్‌ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం)లో కలపకపోవడమే న్యాయం, అవతల ఎవరు జవాబు పెట్టారో మనకు తెలియదు. మీకు కావలసింది రెస్పాన్సెస్ సారాంశంలో ఎక్కువమంది తప్పు చేసిన ప్రశ్నల పట్టిక. మర్నాటి పీరియడ్ మొదటి పది నిమిషాలకు అదే పాఠ్యప్రణాళిక.

మార్కుల షీట్‌ను తల్లిదండ్రుల గ్రూపులో పెట్టొద్దు. ఫామ్‌లో ఫోన్ నంబరు, ఆధార్, ఫొటో అడగొద్దు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది, వారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. రోల్ నంబరుతో పని జరుగుతుంటే మిగతాది మనకెందుకు?

ప్రశ్నపత్రం: తెలుగు టైపింగ్, పాత ఫైళ్లు, జెరాక్స్ షాపు

ఎక్కువ గంటలు ఖర్చయ్యేది ఇక్కడే. ఫోన్‌లో జీబోర్డ్ (గూగుల్ కీబోర్డు) సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చి, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే పద్ధతిని ఎంచుకోండి. విండోస్ 10, 11లలో భాషల సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చి, కీబోర్డు ఎంపికల్లో 'తెలుగు ఫొనెటిక్' పెట్టుకోండి. వేరే సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. కంప్యూటర్‌లో క్రోమ్ ద్వారా గూగుల్ డాక్స్ తెరిస్తే టూల్స్‌లో వాయిస్ టైపింగ్ ఉంటుంది, భాష తెలుగు ఎంచుకుని ప్రశ్నలు చదివితే రాసుకుంటుంది. కామాలు, చుక్కలు తర్వాత మీరే పెట్టుకోవాలి.

పాత ప్రశ్నపత్రాలు, నోట్సు మీ దగ్గర చాలానే ఉండి ఉంటాయి. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో చేసినవైతే వాటిని కాపీ చేసి ఫామ్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులొస్తాయి. అవి యూనికోడ్ (అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టిన ఫాంట్లు. మళ్లీ టైపు చేయనక్కర్లేకుండా ఒక దారి ఉంది:

1. ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీయండి. కాగితమే ఉంటే పగటి వెలుతురులో, సరిగ్గా పైనుంచి, నీడ పడకుండా ఫొటో తీయండి. రెండు నిలువు వరుసల పేజీ అయితే ఒక్కో వరుసనూ విడిగా కత్తిరించండి. లేకపోతే ఈ వరుస వాక్యం ఆ వరుసలోకి వెళ్లి కలుస్తుంది.
2. ఫైలు 2 ఎంబీ లోపు ఉండేలా చూసి గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించండి.
3. కంప్యూటర్‌లో ఆ బొమ్మ మీద కుడి మీట నొక్కి 'ఓపెన్ విత్'లో గూగుల్ డాక్స్ ఎంచుకోండి. పైన బొమ్మ, కింద టైపయిన తెలుగు వస్తాయి.

దిద్దుకోక తప్పదు. దీర్ఘాలు, వత్తులు, ద-ధ, ప-ఫ లాంటి జంటలు చూసుకోండి. సూత్రాలు, భిన్నాలు, రసాయన సంకేతాలు చెడిపోయి వస్తాయి, వాటిని మళ్లీ రాయడమే. డాక్స్‌లో కంట్రోల్‌తో కామా నొక్కితే అంకె కిందికి, కంట్రోల్‌తో చుక్క నొక్కితే పైకి వెళ్తుంది. నీటి సంకేతంలో 2 కిందికీ, వర్గంలో 2 పైకీ.

ఫాంట్లకు డబ్బు పెట్టక్కర్లేదు. సిలికానాంధ్ర వారు ఉచితంగా విడుదల చేసిన తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లోనే ఉన్నాయి. డాక్స్ ఫాంట్ల జాబితాలో 'మోర్ ఫాంట్స్' తెరిచి లిపి తెలుగు అని ఎంచుకోండి. ప్రశ్నలకు మండలి, శీర్షికకు రామభద్ర బాగుంటాయి. చిన్న తరగతులకు 16, పెద్ద తరగతులకు 12 లేదా 13 పరిమాణం చాలు. వర్డ్‌లో వరుసల దూరాన్ని 'ఎగ్జాక్ట్‌లీ' అని బిగించొద్దు, కింది వత్తులు కోతపడతాయి. పట్టికలోనూ అడ్డు వరుస ఎత్తును బిగించకుండా వదిలేయండి.

అంచులు నాలుగు వైపులా కనీసం ఒకటిన్నర సెంటీమీటర్లు ఉంచి, పీడీఎఫ్‌గా మార్చాకే జెరాక్స్ షాపుకు తీసుకెళ్లండి. వర్డ్ ఫైలు ఇస్తే ఆ కంప్యూటర్లో మీ ఫాంట్ ఉండదు, అక్షరాలు జరిగి మూడు పేజీల పేపరు నాలుగవుతుంది. డీటీపీ వాళ్లు వాడే పేజ్‌మేకర్‌లో పెట్టబోతే అసలు రాదు, అది యూనికోడ్ తెలుగును తీసుకోదు.

చాట్‌జీపీటీ, జెమిని లాంటివాటితో ప్రశ్నలు తయారు చేయించుకోవచ్చు. అయితే జవాబు కీని నమ్మొద్దు, ప్రతిదీ మీరు చేసి చూడాలి. పారిభాషిక పదాలు కూడా పుస్తకంలో ఉన్నవి వాడవు, పిల్లలు ఎన్నడూ వినని మాట పెడతాయి. పాఠంలోని పేరాను అతికించి 'ఇందులోని పదాలే వాడు' అని అడిగితే కొంత మెరుగు.

ప్రాథమిక పాఠశాల వారికి

పైవాటిలో సగం మీకు అవసరం లేదు. మీకు కావలసింది కథలు. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు బొమ్మలతో సహా ఉన్నాయి. పఠన స్థాయి ఒకటి నుంచి నాలుగు దాకా ఎంచుకోవచ్చు. చదవడం, రాయడం, లెక్కలు నేర్పే తెలంగాణ తొలిమెట్టు లాంటి కార్యక్రమాల్లో పిల్లలను స్థాయిలవారీగా విడదీసినప్పుడు ఇది సూటిగా పనికొస్తుంది. ఉచిత ఖాతాతో లాగిన్ అయి పీడీఎఫ్ దించుకోండి. ప్రింట్ చేసేటప్పుడు 'ఒక కాగితానికి రెండు పేజీలు' పెడితే కథకు ఐదారు కాగితాల్లో పనైపోతుంది. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉన్న కథలను మీ ఊరి మాటలకు తగ్గట్టు మార్చి కొత్త కథగా దాచుకోవచ్చు. రచయిత, చిత్రకారుల పేర్లు మాత్రం తీసేయకూడదు.

అనువాద కథల్లో తెలుగు ఒక్కోసారి పుస్తకాల భాషలా బిగుసుకుపోయి ఉంటుంది. ముందు బయటికి చదివి చూడండి. మీ నోరే తడబడితే ఒకటో తరగతి పిల్లకు ఎలా తిరుగుతుంది? అలాంటి వాక్యాన్ని ముందే మార్చేయండి.

బదిలీ అయితే

ఇవన్నీ మీ సొంత జీమెయిల్‌లో ఉంటాయి. మీరు వెళ్లిపోతే బడికి ఏమీ మిగలదు. ఫామ్‌లకు, డాక్స్‌కు తోటి టీచర్‌ను ఎడిటర్‌గా చేర్చి, తన ఖాతాలో 'మేక్ ఎ కాపీ' తీసుకోమనండి. పిల్లల జవాబులున్న షీట్లు మాత్రం ఇవ్వొద్దు, ఏడాది పూర్తయ్యాక తొలగించేయండి. పెన్ డ్రైవ్‌లోని ఫోల్డర్లను బడి కంప్యూటర్‌లోకి కాపీ చేయండి. ప్లిక్కర్స్ కార్డుల కట్ట బీరువాలోనే వదిలేయండి. అవి ఏ ఒక్కరి ఖాతాకూ కట్టినవి కావు, కొత్తగా వచ్చే టీచర్ తన ఖాతాలో పేర్లు ఎక్కించుకుంటే 7వ నంబరు కార్డు అక్కడా 7వ నంబరే.